పెరటి కొళాయికి బొట్టు

మంగళవారం పొద్దున్న చిక్కడపల్లి మార్కెట్లో వంకాయలు ఏరుతుండగా చెవిన పడిన మాటకి హైమవతి చేతిలోని వంకాయ చేతిలోనే ఉండిపోయింది.

"నీళ్లాఫీసోల్లు గల్లీ గల్లీ తిరుగుతుండ్రంట. దొంగ నల్లాలు ఏడున్నయో పడ్తుండ్రు. నిన్న మా ఎనక గల్లీల ఒకింటోల్ల నల్లా కోసేసిండ్రు. పోలీసులు గూడ వొచ్చిండ్రంట," అని కూరలమ్మే కురుమమ్మ పక్క గంపామెతో చెబుతోంది. చెబుతూనే ఇటు తిరిగి, "ఏందమ్మా, తీస్కుంటవా, గట్లనే పిసుక్కుంట నిలవడ్తవా?" అంది.

హైమవతి వంకాయ గంపలో పడేసి, తక్కెడ పక్కనున్న అరకిలో రాయి వైపు వేలు చూపించింది. ఈ మధ్య ఆమె బజార్లో నోరు విప్పడం మానేసింది. వేలు చూపిస్తుంది, తల ఊపుతుంది, సరిపోయిన చిల్లర చేతిలో పెడుతుంది. నోరు తెరిస్తే తెనాలి బయటపడుతుందని భయం. కోస్తా నుంచి వచ్చినవాళ్లు వెళ్లిపోవాలంటూ గొడవలు మొదలైన దగ్గర్నుంచి ఇదే వరస. నారాయణగూడ చౌరస్తాలో బస్సు అద్దాలు పగిలాయి, గోడలనిండా రాతలు వెలిశాయి, బడులు మూతపడ్డాయి, పిల్లలిద్దర్నీ తెనాలి పంపించేశారు. నిజం చెప్పాలంటే ఇన్ని నెలల్లో ఆమెని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడం వల్ల భయం తగ్గలేదు సరికదా, రోజూ కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చింది.

అశోక్ నగర్లో ఇల్లు చేరగానే సంచీ వంటింట్లో పడేసి తిన్నగా పెరట్లోకి వెళ్లింది. బట్టలుతికే బండ పక్కన, కట్టెల మోపు చాటున, ఆ కొళాయి ఉంది. ఇత్తడిది. మెడనిండా పసుపు, పసుపు మీద ఎండిపోయిన కుంకుమ బొట్లు, కింద నేల మీద పోయిన శుక్రవారం ముగ్గు చెరిగీ చెరగనట్టుగా ఉంది. టప్, టప్ మని కారుతూనే ఉంది. వాచరు అరిగిపోయిందని చెప్పి చెప్పి ఆమె నోరే అరిగింది గాని మొగుడుగారికి తీరిక దొరకలేదు. రోజూ వినే చప్పుడే. ఇవాళ మాత్రం ఎవరో వీధి తలుపు కొడుతున్నట్టు వినిపించింది.

ఆ కొళాయి మీటరు దాటి వచ్చింది కాదు. వెనక వాటా అద్దెకిద్దామనుకున్నప్పుడు, ఆ వాటాకి వేరే కనెక్షన్ తీసుకోవాలన్నారు నీళ్ల ఆఫీసువాళ్లు. దానికి వేరే ఫీజు, వేరే డిపాజిట్, రోడ్డు తవ్వినందుకు మళ్లీ వేరే. పైగా కొత్త రేట్లు. "ఒకటే గోడ, ఒకటే కప్పు. అటు తిరిగితే ఒక ఫీజు, ఇటు తిరిగితే ఇంకో ఫీజా?" అని విశ్వేశ్వరరావు కొన్నాళ్లు చిందులు తొక్కాడు. ఆ తర్వాత నల్లకుంట నుంచి ఒక ప్లంబర్ని పిలిపించి, గేటు దగ్గర మీటరుకి ముందే గొట్టానికి పాయ తీయించి, పక్క సందులోంచి పెరట్లోకి లాగించాడు. కాలవ తవ్వింది వెనక బస్తీలో గుడిసె వేసుకున్న పాలమూరు కూలీ మాసయ్య. అద్దెకొచ్చిన గుంటూరువాళ్లు గొడవలకి జడిసి సామాను సర్దుకుని పోయారు. కొళాయి మాత్రం మిగిలింది.

సాయంత్రం బషీర్‌బాగ్ ఆఫీసు నుంచి వచ్చిన విశ్వేశ్వరరావు చెప్పులు విప్పకుండానే రేడియో పెట్టి, చప్పుడు పెంచి, అప్పుడు నోరు తెరిచాడు. ఎదురింటి వీరరాఘవరావు గారు బస్సులో చెప్పారట. ఆయన విన్నది కూడా కురుమమ్మ చెప్పిందే, కాకపోతే ఇంకొంచెం పెద్దదయింది.

"ఏమండీ, దాన్ని పీకించేద్దాం," అంది హైమవతి.

"ఎవరిచేత పీకిస్తావు? ఆ నల్లకుంటవాడు ఎప్పుడో ఊరు చెక్కేశాడు. కొత్తవాణ్ణి పిలిస్తే వాడే వెళ్లి ఊదేస్తాడు. సందు తవ్వుతుంటే వీధంతా చూడదూ?"

"పోనీ మనమే వెళ్లి చెప్పి ఫీజు కట్టేస్తే?"

"కడితే! ఇన్నాళ్లూ దొంగనీళ్లు తాగామని మనంతట మనమే చెప్పుకున్నట్టు. మామూలు రోజులైతే నాలుగు చీవాట్లు పెట్టి జరిమానాతో పోనిచ్చేవారు. ఇప్పుడు బయటివాళ్లని ఏ సాకు మీద పంపించేద్దామా అని ఆఫీసులో కాచుక్కూర్చున్నారు. సర్కారు గుమాస్తా నీళ్లు దొంగిలించాడంటే ఇంకేం కావాలి వాళ్లకి?" ఆయన గొంతు తగ్గించాడు. రేడియో అరుస్తూనే ఉంది. "వాళ్లు వచ్చేది మీటరు చూడ్డానికి. ముందు వాకిట్లో చూసుకుని పోతారు. పెరట్లోకెందుకొస్తారు? నువ్వు ఊరికే బెంబేలు పడకు."

బెంబేలు పడొద్దన్న మనిషి రెండుసార్లు లేచి వీధి తలుపు గొళ్లెం చూసుకున్నాడు.

బుధవారం పొద్దున్న బాలనాగమ్మ బట్టలుతకడానికి వచ్చి కొళాయిని చూసి నడుం మీద చెయ్యేసుకుని నిలబడిపోయింది. బాలనాగమ్మ మాసయ్య పెళ్లాం. పొద్దున్న ఇక్కడ బట్టలుతికి, సత్తుబిందెతో నీళ్లు పట్టుకుని, ఆ తర్వాత మట్టిపనికి పోతుంది. చప్పుడు వినలేక హైమవతి కొళాయి మూతికి పాత చీరపేలిక చుట్టి ముడేసింది మరి.

"ఏందమ్మా, నల్లాకు కట్టు కట్టినవ్? కాలిరిగిందా, జొరమొచ్చిందా?"

"కారుతోంది బాలనాగమ్మా. ఆ చప్పుడికి నిద్ర పట్టట్లేదు."

"సారుకు జెప్పి ఒక వాచరు ఏపియ్యరాదు?" అని పేలిక విప్పి, పక్కన పెట్టి, బిందె కింద పెట్టింది. నీళ్లు ధారగా పడ్డాయి. "ఏమన్నను గాని అమ్మా, నీ నల్లా అదృష్టమే అదృష్టం. మా గుడిసెల నా నొసటికే కుంకుమ తిన్నగ పెట్టుకోనీకి తీరదు. దీనికి మాత్రం శుక్రారం శుక్రారం పేరంటమే."

ఆ మాట నిజం. నీళ్లు మొదటిసారి దూకినరోజు హైమవతి కొళాయికి పసుపు రాసి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. ఆ తర్వాత ఏ శుక్రవారమూ తప్పలేదు. తలంటుకుని, గడపకి పసుపు, తులసికోటకి, పొయ్యికి, ఆఖర్న పెరటి కొళాయికి. వాకిట్లో మీటరు కొళాయికి ఈ మర్యాద లేదు. అది బిల్లు వేసే కొళాయి. అది వేసవిలో సన్నగా ఏడుస్తుంది. ఇదేమో అడక్కుండా పోస్తుంది. తల్లి లాంటి దాన్ని దొంగదని ఎలా అనుకోవడం? అనుకోలేదు గనకే ఇన్నాళ్లూ హాయిగా నీళ్లు వాడుకుంది. నిన్నటి నుంచీ అనుకుంటోంది.

బాలనాగమ్మ చీర బండకేసి బాదుతూ, "మా పక్క గుడిసె తిమ్మప్ప లేడా అమ్మా," అంది. "గా నారాయణగూడ కాడ ఊరేగింపు సూస్తనని పోయిండు. సూడనీకే. లారీల ఎక్కించుకపోయిండ్రు. ఇంక రాలే. ఎప్పుడొస్తడో జెప్పే దిక్కు లేదు. వాని పెండ్లాం రోజు జైలు కాడికి పోయి నిలవడి నిలవడి వొస్తది. కూలి పాయె, మనిషి పాయె."

హైమవతి ఉతికిన చీర అందుకుని పిండింది.

అంతలో దొడ్డి తలుపు దగ్గర మాసయ్య దగ్గాడు. పనికి పోతూ బిందె ఎత్తడానికి వచ్చాడు. ఎండకి నల్లగా మాడిపోయిన మనిషి, తలకి తువ్వాలు చుట్టాడు. ఆడవాళ్లున్న పెరట్లోకి పిలవనిదే రాడు. "అమ్మా, నీళ్లాఫీసోల్లు తిరుగుతుండ్రని మా బస్తీల గూడ అనుకుంటుండ్రు," అన్నాడు.

హైమవతి పిండిన చీరనే మళ్లీ పిండింది. "ఏమనుకుంటున్నారు?"

"గదే, కాయితం లేని నల్లాలు కోస్తుండ్రని. మనకేం భయం లేదు తియ్యి. సారు కాయితం జేయించినంకనే గద మనం తవ్వింది."

బిందె భుజాన పెట్టుకుని వెళ్లిపోయాడు. హైమవతి బండ మీద కూలబడింది. కాలవ తవ్విన రోజు ఆమె వంటింటి కిటికీ దగ్గర పప్పు ఏరుతోంది. సందులో గడ్డపార పట్టుకుని మాసయ్య అడగడం ఆమె చెవులారా వింది. "సారూ, కాయితం అయ్యిందా? మల్ల నా మీదికి రావొద్దు." దానికి ఆయన, "అయిందిలే, నువ్వు తవ్వు," అన్నాడు. ఆ 'అయిందిలే' ఎంత తేలిగ్గా అన్నాడో కూడా ఆమెకి గుర్తుంది.

గురువారం విశ్వేశ్వరరావు సెలవు పెట్టాడు. మధ్యాహ్నం ఎండలో గొడుగేసుకుని పక్కవీధి దాకా వెళ్లి, ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"పక్కవీధిలో ఉన్నారు. మీటరు ఒక్కటే కాదు హైమా. వాళ్లలో ఒకడి దగ్గర ఇనప కడ్డీ ఉంది. ఇంట్లో కొళాయిలన్నీ కట్టెయ్యమంటారు. ఆ కడ్డీ ఒక కొస నేల మీద ఆనించి, రెండో కొసకి చెవి పెట్టి వింటాడు. భూమిలో నీళ్లు నడుస్తుంటే వినిపిస్తుందిట."

ఇద్దరూ చెవులు రిక్కించారు. పేలిక మళ్లీ చుట్టినా సరే, వంటింటి దాకా కొళాయి చుక్కల చప్పుడు వినిపిస్తూనే ఉంది, లేదా వినిపిస్తున్నట్టు అనిపించింది.

"నేనొకటి ఆలోచించాను," అన్నాడు విశ్వేశ్వరరావు. ఆమె మొహం కేసి చూడకుండా అన్నాడు. "మాసయ్య వేసుకున్నాడని చెబుతాను."

"ఏం వేసుకున్నాడని?"

"గొట్టం. వాడి గుడిసె మన గోడ వెనకాలే. నీళ్లు మోసుకెళ్లేది వాళ్లావిడ. వాడే మనకి తెలియకుండా సందులో తవ్వి పాయ లాక్కున్నాడు. అద్దెవాళ్లు కూడా లేరాయె, వెనక్కి వెళ్లి మనం చూసేదెప్పుడు?"

"వాణ్ణి పోలీసులు పట్టుకుపోతారండీ."

"పట్టుకెళ్లి నాలుగు రోజులుంచి వదిలేస్తారు. కూలివాడు, వాడికి పోవడానికి ఉద్యోగమా సద్యోగమా? నాది పోతే? పిల్లల్ని ఏం పెట్టి చదివించాలి? తెనాలి వెళ్లి మీ అన్నయ్య గుమ్మంలో కూచోమంటావా?"

తిమ్మప్ప సంగతి చెప్పబోయి ఆగింది. ఆయన గొడుగు గుడ్డ చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం చేస్తున్నాడు. చెడ్డమనిషి కాదు. పిల్లలకి జ్వరమొస్తే రాత్రంతా మేలుకుని తడిగుడ్డ వేసే మనిషి. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. చెడ్డవాడైతే ఎదురు తిరగడం తేలిక.

"ఇంకోటి," అన్నాడాయన లేస్తూ. "దాని మీది పసుపూ కుంకుమలు కడిగెయ్. చారికైనా మిగలకూడదు. మనకి తెలియని కొళాయికి బొట్టెవరు పెట్టారంటే ఏం చెబుతాం?"

సాయంత్రం ఎండ ఇంకా గోడ మీద ఉండగానే చింతపండూ బూడిదా తీసుకుని పెరట్లో కూర్చుంది. పైపై పసుపు తేలిగ్గానే వదిలింది. మరచుట్ల సందుల్లో, మూతి కింద, పిడి చుట్టూ వారాల తరబడి పేరుకున్నది మాత్రం రాయిలా గట్టిపడిపోయింది. గోటితో గీకింది, కొబ్బరిపీచుతో రుద్దింది. ఎర్రని నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారాయి. ముగ్గు చీపురుతో ఊడ్చేసింది. పేలిక విప్పి పడేసింది. అంతా అయ్యాక కొళాయి కొత్త ఇత్తడిలా తళతళలాడుతూ, బోసిగా, చూడబుద్ధి కాకుండా ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది. దేనికేడుస్తోందో ఆమెకే తెలీదు. కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికొచ్చేసింది.

శుక్రవారం తలంటుకుంది. గడపకి పసుపు రాసి, తులసికోటకి బొట్టు పెట్టి, పొయ్యికి పెట్టి, అలవాటు చొప్పున కుంకుమ భరిణె పట్టుకుని పెరటి గుమ్మం దాకా నడిచి ఆగిపోయింది. బండ దగ్గర బట్టలకి సబ్బు పెడుతున్న బాలనాగమ్మ తలెత్తింది. ముందు ఆమెని చూసింది, తర్వాత తళతళలాడే కొళాయిని చూసింది. రోజూ ఎగతాళి చేసే మనిషి తల వంచుకుని మళ్లీ సబ్బు పెట్టడం మొదలుపెట్టింది. హైమవతి వెనక్కొచ్చి భరిణె దేవుడి గూట్లో పెట్టేసింది.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది.

"నమస్తే సార్. నా పేరు కిషన్ రావు, నీళ్లాఫీసుల ఇన్స్‌పెక్టర్‌ను. జర పరేషాన్ చేస్తున్నం, ఏమనుకోవద్దు." తెల్లచొక్కా, చంకలో గొడుగు, తలకి కొబ్బరినూనె రాసి దువ్విన మనిషి. హైమవతి మూడు రోజులుగా ఊహించుకున్న మనిషికి పెద్ద గొంతు, ఎర్రకళ్లు. ఈయన్ని చూస్తే నడిచి నడిచి కాళ్లు నొప్పులు పుట్టిన బడిపంతుల్లా ఉన్నాడు. ఆయన వెనక కడ్డీ పట్టుకున్న బాలప్ప, ఆ వెనక పలుగూ పారా మోస్తున్న ఇద్దరు పనివాళ్లు.

"రండి రండి, కూచోండి, కాఫీ తాగుదురు గాని," అన్నాడు విశ్వేశ్వరరావు. నవ్వు మరీ ఎక్కువైంది.

"కాఫీ తర్వాత సార్. ముందు ఇంట్ల నల్లాలన్ని కట్టేయించండి."

కట్టేశారు. కిషన్ రావు గేటు పక్కన గొంతుక్కూర్చుని మీటరు పెట్టె మూత తీసి, కళ్లజోడు పైకి తోసి చూశాడు. ముల్లు కదలకుండా నిలబడి ఉంది. తల ఊపాడు. అంతటితో అయిపోతుందని హైమవతి దేవుళ్లందరికీ మొక్కుకుంది. బాలప్ప కడ్డీ పట్టుకుని గేటు దగ్గర ఒకసారి విన్నాడు. రెండడుగులు పక్క సందు వైపు వేసి, కడ్డీ నేలకి ఆనించి, పైకొసకి చెవి పెట్టి, కళ్లు మూసుకున్నాడు. వీధిలో ఏదో రిక్షా గంట మోగితే చెయ్యెత్తి ఆగమన్నాడు.

"నడుస్తున్నయి సార్," అన్నాడు కళ్లు తెరిచి. "మీటరు నిలవడ్డది. నీళ్లు మాత్రం ఈడికెల్లి పోతున్నయి."

వినుకుంటూ వినుకుంటూ కడ్డీ సందు దాటింది. పెరట్లోకి వచ్చేసరికి ఇక వినాల్సిన పని లేకపోయింది. కట్టెల మోపు చాటున కొళాయి తళతళా మెరుస్తూ టప్, టప్ మంటోంది.

"ఇది ఎవరిది సార్?" అన్నాడు కిషన్ రావు.

"అయ్యో! ఇదెక్కడిది?" అన్నాడు విశ్వేశ్వరరావు. హైమవతి తలదించుకుంది. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. వెనక వాటా ఖాళీగా పడి ఉండడం, తాము ఇటు రాకపోవడం, వెనకాలే కూలీల బస్తీ, గోడ పక్కనే మాసయ్యనేవాడి గుడిసె, వాడు కాలవలు తవ్వేవాడు కావడం, ఇంత మోసం చేస్తాడనుకోకపోవడం. ఒకసారి మొదలుపెట్టాక ఆ అబద్ధం ఎక్కడా తడబడకుండా వచ్చేసింది. ఆయనే ఆశ్చర్యపోయినట్టున్నాడు.

బండ దగ్గర బాలనాగమ్మ లేచి నిలబడింది. మోచేతుల దాకా సబ్బు నురగ. బాలప్ప వెళ్లి గోడవతల కేకేశాడు. పనికి బయల్దేరబోతున్న మాసయ్య తువ్వాలు చుట్టుకుంటూ వచ్చాడు. అందర్నీ చూసి, కొళాయిని చూసి, అర్థమైనట్టు నవ్వాడు.

"గీ నల్లా కొరకా సార్? దీనికి కాయితం ఉన్నది. సారూ, గా కాయితం సూపియ్యుండ్రి."

"ఏం కాయితం?" అన్నాడు విశ్వేశ్వరరావు. "నాకేం తెలుసురా? నన్నడిగి తవ్వావా?"

మాసయ్య నవ్వు వెంటనే పోలేదు. సారు ఏదో తమాషా చేస్తున్నాడనుకుని కాసేపు అలాగే నిలుపుకున్నాడు. "మీరే గద సారూ, అయ్యిందిలే తవ్వు అన్నరు," అన్నాడు. ఆ తర్వాత చుట్టూ ఉన్న మొహాలు చూసి, తువ్వాలు తల మీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

బాలనాగమ్మ సారు వైపు చూడనే లేదు. హైమవతినే చూసింది. కోపంగా కాదు. నీకు తెల్సు గదమ్మా అన్నట్టు చూసింది. ఆ చూపు కంటే తిట్టినా బాగుండేది.

కిషన్ రావు సంచీలోంచి కాయితం తీసి కొళాయి పక్క గోడ మీద పెట్టుకుని రాశాడు. రాసి, గొంతు తగ్గించి, "సార్, మీరు చెప్పిందే రాసిన," అన్నాడు. "కింద సంతకం పెట్టండి. మనిషిని ఠాణాకు పంపుతం. ఇయ్యాల రేపు లోపలికి పోయినోడు ఎప్పుడు బయటికొస్తడో నేను చెప్పలేను. ఆ తర్వాత నా చేతుల ఏం ఉండదు. జర సోచాయించుకోండి."

విశ్వేశ్వరరావు జేబులోంచి కలం తీశాడు. మూత ఒక పట్టాన రాలేదు.

హైమవతి గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది. చూడలేక పోయిందనుకున్నారంతా. ఆమె కూడా అలాగే అనుకుంది. దేవుడి గూటి ముందు నిలబడ్డాక, చెయ్యి దానంతటదే భరిణె అందుకుంది. రెండో చేత్తో పసుపు గిన్నె. ఉద్యోగం, ఇల్లు, తెనాలిలో పిల్లలు, అన్నయ్య గుమ్మం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఇప్పుడు గాని పెరటి గుమ్మం దాటితే వెనక్కి రావడం ఉండదని తెలుసు. దాటింది.

మగవాళ్ల మధ్యలోంచి దారి చేసుకుని వెళ్లి కొళాయి ముందు గొంతుక్కూర్చుంది. పసుపు తడిపి కొళాయి మెడ చుట్టూ రాసింది. ఉంగరం వేలు కుంకుమలో ముంచి మధ్యలో ఒక బొట్టు, అటొకటి, ఇటొకటి పెట్టింది. మూడో బొట్టు పక్కకి జారితే కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. దండం పెట్టుకుంది. ఎన్నో శుక్రవారాలు చేసిన పని, ఆలోచన అక్కర్లేకుండా చేతులే చేసుకుపోయాయి.

కలం మూత ఊడొచ్చి నేలమీద పడింది. ఎవరూ తియ్యలేదు.

"అమ్మా," అన్నాడు కిషన్ రావు. "ఎప్పటిసంది పెడ్తున్నరు?"

ఇన్ని నెలలూ బయటివాళ్ల ముందు పెగలని గొంతు. తెనాలి యాసలోనే వచ్చింది. "నీళ్లొచ్చిన రోజు నుంచీనండీ. ఏ శుక్రవారమూ మానలేదు."

కిషన్ రావు గోడ మీది కాయితం తీసి మడిచి సంచీలో పెట్టుకున్నాడు. "సార్, సంతకం ఇగ అవసరం లేదు," అన్నాడు విశ్వేశ్వరరావుతో. మాసయ్య వైపు తిరిగి, "నువ్వు పో. పనికి పొద్దుపోతున్నది," అన్నాడు.

మాసయ్య తువ్వాలు తలకి చుట్టుకోలేదు. చేత్తో పట్టుకునే వెళ్లిపోయాడు. బాలనాగమ్మ నురగ చేతులు చీరకి తుడుచుకుని, బట్టలు బండ మీదే వదిలేసి, ఖాళీ బిందె చంకనెత్తుకుని అతని వెనకే పోయింది. తిరిగి చూడలేదు.

పనివాళ్లు గేటు దగ్గర తవ్వారు. పాయ కోసి బిరడా కొట్టారు. కేసు పెద్దసార్లు చూస్తారనీ, అప్పటిదాకా వాకిట్లో నల్లా కూడా బందేననీ చెప్పి, నమస్తే పెట్టి, కాఫీ తాగకుండానే కిషన్ రావు వెళ్లిపోయాడు. పెరటి కొళాయి ఇంకో నాలుగు చుక్కలు రాల్చి ఊరుకుంది.

ఆ రోజు విశ్వేశ్వరరావు భోజనం దగ్గర కూచుని లేచిపోయాడు. ఒక్కసారి మాత్రం, "నన్ను ముంచేశావు," అన్నాడు. అరవలేదు. అరిస్తే తనూ ఏదో ఒకటి అని ఉండేది. వీధిలో జీపు చప్పుడైనప్పుడల్లా ఆమె ఉలిక్కిపడి కిటికీ దగ్గరికి వెళ్లింది. కిషన్ రావు మంచిమాట చెప్పి వెళ్లాడు గాని, ఠాణా ఆయన చేతిలో లేదని కూడా ఆయనే అన్నాడు. గోడవతల గుడిసెలోంచి చీకటి పడేదాకా ఒక్క మాటా వినిపించలేదు.

శనివారం తెల్లారేసరికి గుండిగలో నీళ్లు అడుగంటాయి. హైమవతి ఇత్తడి బిందె తోముకుని చంకన పెట్టుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు మంచం మీంచి విశ్వేశ్వరరావు.

"నీళ్లకి."

"బస్తీ కొళాయి దగ్గరికా? ఒక్కదానివా? ఈ రోజుల్లోనా? నీకు మతి పోయిందే!" లేచి కూర్చున్నాడు. ఆపడానికి లేచినట్టే ఉంది గాని, తనే వెళతానని అనలేకపోయాడు.

బస్తీ మొదట్లో రోడ్డు పక్కనే ఉంది సర్కారు నల్లా. ఊరంత బస్తీకి అదొక్కటే. కాసేపే వస్తుంది. అప్పటికే బిందెలు, బకెట్లు, నూనె డబ్బాలు వరసగా కూర్చుని ఉన్నాయి, వాటి పక్కన ఆడవాళ్లు. ఇత్తడి బిందె మెరుపు కనిపించగానే మాటలు ఆగిపోయాయి. ఒకామె, "గా సారు పెండ్లాం గదా," అంది. ఇంకొకామె ఏదో అంది, హైమవతికి అర్థం కాలేదు. ఎవరో నవ్వారు. వెనక్కి తిరిగి పరుగెత్తి తలుపేసుకోవాలనిపించింది. బిందె ఇంకో చంకలోకి మార్చుకుంది.

వరస మధ్యలో బాలనాగమ్మ కనిపించింది. ఇటు చూడలేదు. తన సత్తుబిందె పక్కన గొంతుక్కూర్చుని నేలకేసి చూస్తోంది. హైమవతి దగ్గరికి వెళ్లింది. అడగాలంటేనే భయం. ఇన్ని రోజుల భయమంతా ఆ ఒక్క పేరులోనే ఉంది.

"బాలనాగమ్మా... మాసయ్య..."

బాలనాగమ్మ లేచి, హైమవతి చంకలోని ఇత్తడి బిందె అందుకుంది. వరసలో ముందుకి తీసుకెళ్లలేదు. తన వెనకనున్న నలుగురి డబ్బాలూ దాటుకుంటూ వెళ్లి, అందరికంటే ఆఖరున నేలమీద పెట్టింది. తిరిగొచ్చి తన చోట కూర్చుంది.

"పనికి పోయిండు," అంది.

హైమవతి వెళ్లి వరస చివర తన బిందె పక్కన నిలబడింది. కాసేపటికి అందరిలాగే కూర్చుంది. ముందున్నామె తన నూనెడబ్బా ముందుకి జరిపింది. హైమవతి కూడా బిందె జరిపింది.